దీపానికి వేరే లైను

పోయిన వారం విజయశ్రీని మనం దేవుని గది గడప దగ్గర వదిలిపెట్టాం. వెనక వరండాలో బట్టలుతికే మిషన్ ముట్టుకొని, కరెంటు తగిలి కోడలు సరిత పోయి ఇంకా మాసికమైనా కాలేదు. ఏళ్ళుగా ఆ ఇంటి కరెంటు పనులు చూస్తున్న జైపాల్ మీద కొడుకు శ్రావణ్ కేసు పెట్టాడు. జైపాల్ జైల్లో ఉన్నాడు. తప్పు ఎవరిదో తేల్చడానికి విద్యుత్ తనిఖీ అధికారి వీరరాఘవరావు ఆ ఉదయం చిక్కడపల్లిలోని వాళ్ళ ఇంటికి వచ్చాడు. ఆయన ఎటు రాస్తే జైపాల్ బతుకు అటు తిరుగుతుంది. వచ్చినాయన మీటర్ చూశాడు, వరండా చూశాడు, మిషన్ చూశాడు. తర్వాత దేవుని గది ముందుకొచ్చి నిలబడి, "లోపలికి రావచ్చా అమ్మా?" అని అడిగాడు.

విజయశ్రీ గడపకు అడ్డంగానే నిలబడింది. ఇన్నేళ్ళలో మడి లేకుండా ఆ గడప దాటినవాళ్ళు లేరు. సరిత అయినా తలస్నానం చేశాకే లోపలికి వచ్చేది.

"స్నానం చేసే బయల్దేరిన అమ్మా," అన్నాడాయన ఆమె మొహం చూసి. "నాకూ ఇంట్ల దేవుడున్నడు. చూడక తప్పదు."

ఆమె పక్కకు జరిగింది.

గది చిన్నది. గోడకు వేంకటేశ్వరస్వామి పటం, దాని ముందు చెక్క మందిరం, మందిరంలో దీపం ఆకారంలో చేసిన చిన్న కరెంటు బల్బు. కోడలి కడుపు పండాలని మొక్కుకొని పెట్టిన దీపం అది. మనవడో మనవరాలో ఇంట్లో తిరిగేదాకా ఆరనివ్వనని విజయశ్రీ స్వామికి మాట ఇచ్చింది. నూనె దీపమైతే కునుకు పట్టినప్పుడు ఆరిపోవచ్చు, గాలికి మంట మందిరానికి అంటుకోవచ్చు. అందుకని పూజారిగారిని అడిగి మరీ కరెంటు దీపం పెట్టుకుంది. ఆయన కాసేపు ఆలోచించి, స్వామి చూసేది మనసునే కదమ్మా అన్నాడు.

అయితే సరిత వరండాలో మిషన్ వేసినప్పుడల్లా మీటర్ పక్కనున్న ట్రిప్పర్ టక్కున పడిపోయేది. ఇల్లంతా కరెంటు పోయేది, దానితో పాటు దీపమూ ఆరేది. "మళ్ళ ఆర్పినవా?" అనేది విజయశ్రీ. మిషన్ అనేది కాదు, కరెంటు అనేది కాదు. సరిత వంగి ఊది ఆర్పినట్టే అనేది. సరిత ఏమీ అనకుండా పోయి ట్రిప్పర్‌ను పైకి ఎత్తి వచ్చేది. చివరికి విజయశ్రీయే జైపాల్‌ను పిలిపించింది. "ఇంటికి కరెంటు పోతే పోనీయి నాయినా. నా స్వామి దీపం మాత్రం ఆరొద్దు," అంది. జైపాల్ తల గోక్కొని, అట్లా చేయకూడదని ఏదో గొణిగి, ఆమె బతిమాలితే కాదనలేక దేవుని గదికి ట్రిప్పర్ దాటి మీటర్ దగ్గర్నుంచే నేరుగా ఒక లైను లాగి ఇచ్చాడు.

ఇంతవరకు ఆమెకు తెలుసు. సరిత పోయిన దగ్గర్నుంచి ఇదే తలచుకుంటూ, ఇది ఒక్క బల్బు లైనే కదా, వరండాలో జరిగినదానికీ దీనికీ ఏం సంబంధం అని తనకు తానే సర్దిచెప్పుకుంటోంది.

వీరరాఘవరావు శ్రావణ్‌ను సాయం పట్టమని మందిరాన్ని గోడ నుంచి ముందుకు జరిపాడు. వెనక సందులోకి టార్చి వేశాడు. చాలాసేపు అట్లాగే చూశాడు.

"ఇటు రండమ్మా."

విజయశ్రీ వంగి చూసింది. దీపం ప్లగ్గు కింద ఇంకో ప్లగ్గు ఉంది. కొత్తది. దాని నుంచి ఒక తెల్ల వైరు గోడకు కొట్టిన రంధ్రంలోకి పోయింది. గోడకు అవతల వెనక వరండా. రోజూ ఆ మందిరాన్ని తడిగుడ్డతో తుడిచే మనిషి ఆమె. ముందు తుడిచింది, పక్కలు తుడిచింది, వెనక్కి ఎన్నడూ చెయ్యి పోలేదు.

"మిషన్‌కు కరెంటు పోయింది ఇక్కణ్ణుంచే," అన్నాడు వీరరాఘవరావు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ట్రిప్పర్ అంటే ఏందనుకున్నరు? ఇంట్లకు వచ్చిన కరెంటు వచ్చినంత తిరిగి పోవాలె. కొంచెం దారి తప్పినా, తడి గోడలకో, మిషన్ రేకులకో, మనిషి ఒంట్లకో, అది కనిపెట్టి మొత్తం ఆపేస్తది. మీ మిషన్ వేసినప్పుడల్లా పడిందంటే మిషన్‌ల లీకున్నదని చెప్పుకుంట వచ్చింది. అది మొత్తుకుంటుంటే మనం దాన్ని తప్పించి వేరే తోవ పెట్టుకున్నం. ఇంకోటి చూడున్రి. ఈ గదికి వచ్చినవి పాతకాలం రెండు వైర్లే. ఎర్తింగ్ వైరు లేదు. అదన్న ఉంటే లీకైన కరెంటు భూమిలకు పోయేది."

"మరి అది పడ్డప్పుడు ఏం చెయ్యాలె సార్?" అని అడిగింది విజయశ్రీ. ఇప్పుడు అడిగి ఏం లాభమో ఆమెకే తెలియదు.

"అన్ని ప్లగ్గులూ తీసేసి, ఒక్కొక్కటే పెట్టుకుంట రావాలె. ఏది పెడితే పడుతున్నదో అదే దొంగ. బాగయ్యేదాకా దాన్ని ముట్టొద్దు. ట్రిప్పర్ మీద చిన్న బటన్ ఉంటది, నెలకోసారి నొక్కి చూడాలె. నొక్కితే పడాలె. పడకుంటే అది చచ్చినట్టే. తడి కాళ్ళతోని, చెప్పుల్లేకుండ మిషన్ దగ్గరికి పోవద్దు. పోయిన ప్రతి ఇంట్ల నేను ఇవే చెప్తనమ్మా. కానీ నన్ను పిలిచేది అంతా అయిపోయినంక."

"చూసిన్రు గద సార్?" అన్నాడు శ్రావణ్. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో పరీక్షలకు పిల్లలను తయారుచేసే మాస్టరతను. పాఠం చెప్పీ చెప్పీ గట్టిపడ్డ గొంతు. "ఎవనికీ తెల్వకుండ, దేవుని వెనక దాచిపెట్టి ఇచ్చిండు లైను. వాడే చంపిండు. రాసుకోండి."

వీరరాఘవరావు ఇంకా ఏమీ అనకముందే బయట గేటు గొళ్ళెం చప్పుడైంది.

"పెద్దమ్మా! ఓ పెద్దమ్మా!"

జైపాల్ భార్య అంబిక. అంబర్‌పేట బస్తీ నుంచి ఈ గేటు దగ్గరికి వస్తోంది, పోతోంది. వచ్చిన ప్రతిసారీ శ్రావణే వెనక్కి పంపాడు. ఇప్పుడూ విసవిసా ముందు వరండాలోకి పోయాడు.

"నీకు ఎన్నిసార్లు చెప్పాలె? పో ఇక్కణ్ణుంచి."

"మీరు రమ్మంటే వచ్చిన్నా సార్, పొమ్మంటే పోనీకి? నేను పెద్దమ్మతోని మాట్లాడెతందుకు వచ్చిన."

"అమ్మకు బాగలేదు."

"నాకు బాగున్నదా మరి? నా మొగడు నారాయణగూడల దుకానానికి తాళమేసి జైల్ల కూసున్నడు. పిల్లలు నాయన ఊరికి పోయిండనుకుంటున్నరు. ఏ ఊరు అంటే ఏం చెప్పాలె సార్, మీరే ఓ మంచి పేరు చెప్పున్రి."

ముందు వరండాలో పడక కుర్చీలో కూర్చున్న జగన్నాథరావు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. శ్రావణ్ తండ్రి ఆయన. కోడలు పోయిన దగ్గర్నుంచి ఆ కుర్చీ విడవలేదు. అన్నం పెడితే తింటాడు, పలకరిస్తే ఊఁ అంటాడు.

"రానీయిరా," అంది విజయశ్రీ లోపలి నుంచి. "లోపలికి రా అంబికా."

అంబిక వచ్చి హాల్లో గోడకు ఆనుకొని నిలబడింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. జరిపి ఉన్న మందిరాన్నీ, టార్చి పట్టుకున్న మనిషినీ చూసి ఆమెకు విషయం అర్థమైంది.

"దొరికిందా?" అంది.

"ఈ వైరు మీ ఆయన పెట్టిందేనా?" అని అడిగింది విజయశ్రీ.

"మా ఆయన పెట్టిందే."

"విన్నరా సార్!" అన్నాడు శ్రావణ్.

"ఆగు సార్. పెట్టిండు. నేను లేదంటలేను. పెట్టుమన్నది ఎవరో గూడ అడుగు." అంబిక విజయశ్రీ వైపు తిరిగి, గొంతు తగ్గించి, "సరితమ్మ," అంది.

శ్రావణ్ ముందుకు దూకినంత పని చేశాడు. "సచ్చిపోయినామె మీదికి నూకుతున్నవా? సిగ్గు లేదా నీకు?"

"గిట్లంటరనే మా ఆయన పోలీసోల్లు అడిగినా నోరు తెరవలే. బిడ్డ నమ్మి చెప్పింది, పోయినంక ఆమెకిచ్చిన మాట నేనెట్ల తప్పుత అన్నడు. నిన్న జైల్ల జాలీ కాడ నిలవడి అడుగుతే నాకు చెప్పిండు. ఆయన మాట ఇచ్చిండు పెద్దమ్మా, నేను ఇయ్యలే. గందుకే వచ్చిన."

"ఏం మాట?" అంది విజయశ్రీ.

"మీకు తెల్వనీయొద్దని."

హాల్లో ఫ్యాను తిరుగుతోంది.

"మీ దీపానికి వేరే లైను ఇచ్చినంక దీపం ఆరుడు బందయింది. కానీ మిషనేస్తే ఇంటికి కరెంటు పోవుడు ఆగలే గద. 'నీ చెయ్యి పడితే చాలు ఇల్లు చీకటైతది' అన్నరంట మీరు. ఆమె మా ఆయన ముంగట ఏడ్చిందంట. 'అన్నా, దేవుని అర్రల లైను పడుతలేదు గద, అండ్లకెల్లి నాకు ఒకటియ్యి. కానీ దేవుని కరెంటుతోని మైల బట్టలు ఉతుకుతున్నవా అని అత్తమ్మ అన్నం గూడ ముట్టది. ఆమెకు కానరాకుండ మందిరం ఎనకకెల్లి పెట్టు' అన్నదంట. మీరు గుడికాడ పురాణానికి పోయిన పూట పెట్టిండు. తప్పే. ఆయనకు ఎరుకే తప్పని. ఆడపిల్ల ఏడుస్తుంటే కాదనలేకపోయిండు."

విజయశ్రీ దేవుని గది గడప మీద కూర్చుంది.

నీ చెయ్యి పడితే చాలు. అన్నది. నిజంగానే అన్నది. కోపంతో కూడా కాదు, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు అన్నది. అన్న మరుక్షణమే మరచిపోయింది కూడా. పటంలో స్వామి ఎప్పటిలాగే ఉన్నాడు. స్వామీ, కరెంటుకు మైల అంటుతుందా? అది నీ గదిలోంచి వచ్చినా బాత్రూంలోంచి వచ్చినా ఒక్క స్తంభం నుంచి వచ్చేదే కదా. ఈ మాట నాకు ఇప్పుడు ఎందుకు తోస్తోంది? అప్పుడు ఎందుకు తోయలేదు? ఆ పిల్ల నిన్ను చూసి భయపడలేదు, నన్ను చూసి భయపడింది. నీ పేరు చెప్పి నేనే భయపెట్టాను.

"ఇంకోటి ఉన్నది," అంది అంబిక. ఇప్పుడామె చూపు శ్రావణ్ మీద ఉంది. "లైను ఇచ్చి ఇంటికొచ్చినంక మా ఆయనకు కంటికి కునుకు లేదు. ఆ ఒక్క మిషన్‌కే ట్రిప్పర్ పడుతున్నదంటే మిషన్‌లనే లీకున్నది, నేను తప్పు చేసిన అని ఒకటే పరేషాన్. మరునాడు సార్‌కు ఫోన్ చేసిండు. మెకానిక్ వచ్చేదాకా మిషన్ ముట్టొద్దని చెప్పిండు. అవునా కాదా సార్?"

వీరరాఘవరావు శ్రావణ్ వైపు తిరిగాడు. "ఫోన్ వచ్చిందా బాబూ?"

"వచ్చింది." శ్రావణ్ కళ్ళు నేల మీద ఉన్నాయి. "హాల్ల ఫ్యాన్ గురించి చేసిండు. పోలీసులకు కూడా అదే చెప్పిన."

"ఫ్యాన్‌కు ఏమైంది సార్? మంచిగ తిరుగుతున్నది గద," అంది అంబిక తలెత్తి చూస్తూ.

విజయశ్రీకి అప్పుడు గుర్తొచ్చింది. ఆదివారం మధ్యాహ్నం. శ్రావణ్ అన్నం తింటున్నాడు, తను చారు వడ్డిస్తోంది. చెయ్యి ఎంగిలని ఫోన్ కంచం పక్కన పెట్టి ఎడమచేత్తో స్పీకర్ నొక్కాడు. జైపాల్ గొంతు వినిపించింది. ఏదో లీకు అన్నాడు. మెకానిక్ అన్నాడు. "ముట్టొద్దని మేడమ్‌కు చెప్పున్రి సార్" అన్నాడు. శ్రావణ్ "సరే, చెప్త, చెప్త" అని ముద్ద కలుపుకున్నాడు. నల్లా లీకు సంగతేమో అనుకొని తను పెరుగు తేవడానికి వంటింట్లోకి పోయింది.

ఆమె కొడుకును చూసింది. భార్య పోయి సగమైన మనిషి. గడ్డం మాసింది, చొక్కా గుండీ ఒకటి తప్పింది. కన్నతల్లి ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరూ తప్పు పట్టరు. ఎదురుగా గోడకు ఆనుకొని అంబిక ఉంది. ఆమె ఏడవడం లేదు, బతిమాలడం లేదు, ఊరికే చూస్తోంది. తన మాటకు భయపడే ఒకామె మందిరం వెనక వైరు పెట్టించుకుంది. ఇప్పుడు తను మాట్లాడకపోతే ఇంకొకామె ఇల్లు ఆరిపోతుంది.

"ఫ్యాన్ గురించి కాదు సార్," అంది విజయశ్రీ. "ఆ ఫోన్ వచ్చినప్పుడు నేను చారు పోస్తున్న. మెకానిక్ వచ్చేదాకా ముట్టొద్దని జైపాల్ చెప్పిండు. వీడు సరేనన్నడు. నా చెవులతోని విన్న."

"అమ్మా!"

"దీపానికి వేరే లైను ఇయ్యమన్నది నేను. అది కూడ రాసుకోండి."

"ఈ మాట స్టేషన్‌ల కూడ చెప్పాలె తల్లీ," అన్నాడు వీరరాఘవరావు మెల్లగా. "మీ అబ్బాయి పేరు వస్తది."

ఆమె తల ఊపింది. అంబిక గోడకు జారబడి కూర్చొని, చీరె కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు అప్పుడొచ్చింది ఆమెకు.

శ్రావణ్ కూడా కూర్చున్నాడు. మోకాళ్ళ మీద మోచేతులు పెట్టి మొహం కప్పుకున్నాడు. "చెప్పినమ్మా," అన్నాడు వేళ్ళ సందుల్లోంచి. "సరితకు ఆ సాయంత్రమే చెప్పిన. ముట్టొద్దన్న, సరేనన్నది. మెకానిక్‌నే పిలువలేదు. పరీక్షలు దగ్గరకొచ్చినయ్, క్లాసులు... రేపు పిలుస్త, ఎల్లుండి పిలుస్త అనుకుంటనే ఉన్న. ఫోన్ సంగతి ఒప్పుకుంటే మరి ఎందుకు పిలువలేదని అడుగుతరు. ఏం చెప్పాలె? నాకు నేనే చెప్పుకోలేకపోతున్న."

అది నిజమేనని విజయశ్రీకి తెలుసు. ఆ చివరి రోజుల్లో సరిత బట్టలన్నీ చేత్తోనే ఉతికింది. బండ మీద వంగి, జుట్టు మొహం మీద పడుతుంటే మోచేత్తో వెనక్కి తోసుకుంటూ. "ఇంట్ల మిషన్ పెట్టుకొని బండకు కొడుతున్నవు, ఎవరి మీద కోపమే?" అని తనే అడిగింది. సరిత నవ్వి ఊరుకుంది.

"మరి ఆ రోజు మిషన్ ఎందుకు వేసింది?" అని అడిగాడు వీరరాఘవరావు. "పోలీసులు వచ్చేటప్పటికి స్విచ్చి వేసే ఉన్నది. లోపల బట్టలున్నయ్."

"అదే సార్, అదే నాకు అర్థం కాదు." శ్రావణ్ మొహం పైకెత్తాడు. "అంత చెప్పినా నా మాట ఎందుకు వినలేదో. ఒక్క మాట వింటే అయిపోతుండె."

"విన్నది."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. పడక కుర్చీ ఖాళీగా ఉంది. జగన్నాథరావు గుమ్మంలో నిలబడ్డాడు. రెండు చేతులతో దర్వాజా పట్టుకున్నాడు. ఆయన గొంతు విని ఎన్ని రోజులైందో, అది ఎవరిదో పరాయి మనిషి గొంతులా ఉంది.

"నీ మాట విన్నదిరా. ఆమె మిషన్ వెయ్యలేదు."

"నాన్నా?"

"సోడాకు వేళ్ళు పగిలినయి బిడ్డకు. ఉతుక్కుంట ఉతుక్కుంట మధ్యల ఆగి ఊదుకుంటున్నది. నేను వెనక గుమ్మం కాడ కూసొని చూస్తనే ఉన్న. పిండిన బట్టలు ఆరేస్తందుకు మేడ మీదికి పోయింది. పోయినప్పుడు లేచి, బకెట్ల మిగిలినయన్నీ తీసి మిషన్‌ల వేసిన. స్విచ్చి వేసిన. వచ్చి చూసి..." ఆయన ఆగాడు. "వచ్చి చూసి నవ్వుతదనుకున్న. నేను ముందటికి వచ్చి కుర్చీల కూసున్న. ఉరికొచ్చిన అడుగుల చప్పుడు విన్న. 'అయ్యో మామయ్యా' అన్నది. ఆపుదామనే పట్టుకున్నదేమో."

"మిషన్ ముట్టొద్దని నాకెవరూ చెప్పలేదురా," అన్నాడు జగన్నాథరావు. అది నిందలా లేదు. చిన్నపిల్లవాడు వాకిట్లో నిలబడి చెప్పుకున్నట్టు ఉంది.

తర్వాత ఆయన గుమ్మం వదిలిపెట్టి, చెప్పుల కోసం అటూ ఇటూ చూశాడు. దొరికినవాటిలో కాలు పెట్టుకుంటూ, "సార్, నన్ను స్టేషన్‌కు తీస్కపోతరా? జైపాల్‌ను ఇడిపియ్యాలె," అన్నాడు.

శ్రావణ్ ఒక్క ఉదుటున లేచి, గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "నువ్వు ఎక్కడికీ పోవు. ఈ మాట ఈ ఇల్లు దాటి పోదు. సార్, మీరు ఏమీ వినలేదు. అంబికా, నువ్వు కూడ."

అంబిక కళ్ళు తుడుచుకొని లేచి నిలబడింది. వీరరాఘవరావు టార్చి జేబులో పెట్టుకున్నాడు. తండ్రీ కొడుకులు గుమ్మంలో ఎదురెదురుగా నిలబడ్డారు.

విజయశ్రీ గడప మీది నుంచి లేచింది. వాళ్ళ దగ్గరికి నడిచి వచ్చి, కొడుకు భుజం మీద చెయ్యి వేసింది. అతన్ని పక్కకు జరపడానికి వేసిందో, తను పడిపోకుండా ఆసరాకు వేసిందో ఆ క్షణాన ఆమెకే తెలియదు.